పెరటి కోళ్ల గుడ్లు తేడాగా వస్తుంటే ఏం చేయాలి

గంపలో చెయ్యి పెట్టగానే గుడ్డు వేళ్ల కింద మెత్తగా నొక్కుకుపోయింది. బయటికి తీస్తే పెంకు లేదు. పల్చటి తోలు సంచిలో నీళ్లు నింపినట్టు అరచేతిలో అటూ ఇటూ జారుతోంది. వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే లోపల పచ్చసొన నీడలాగా కదులుతోంది. మాది నెల్లూరు జిల్లా అల్లూరు వైపు, సముద్రానికి దగ్గర పల్లె. ఇంట్లో పన్నెండు పెట్టలు, రెండు పుంజులు. ఆ వారంలోనే అలాంటి తోలు గుడ్లు నాలుగు వచ్చాయి. పక్కింటి పెద్దమ్మ చూసి "దిష్టి తగిలిందమ్మా, ఎర్రనీళ్లు తిప్పి పొయ్యి" అంది. మందుల షాపులో కాల్షియం టానిక్ ఇచ్చారు. నెల రోజులు పోశాను, తోలు గుడ్లు ఆగలేదు. చివరికి తేలిందేమిటంటే, తేడా అంతా మేము తొట్టిలో పోసే నీళ్లలో ఉంది. అది కనిపెట్టడానికి నాకు ఇంకో నెల పట్టింది.

మీకు అంత కాలం పట్టకూడదనే ఇది రాస్తున్నాను. ఐదు నుంచి ముప్పై దాకా కోళ్లు పెంచుకునే ఇళ్లకు పనికొస్తుంది. మందు కొనే ముందు గుడ్డును తీరిగ్గా చూడండి. పెంకులో తేడానా, తెల్లసొనలోనా, పచ్చసొనలోనా అన్నది తెలిస్తే సగం పని అయినట్టే.

ముందు ఏ పెట్టదో తేల్చుకోండి

పొద్దున్నే గూడు తీసేటప్పుడు పెట్టను పట్టుకుని తోక కింద వేలితో తడిమి చూస్తే ఈ రోజు గుడ్డు పెట్టేది ఏదో తెలుస్తుంది. మన ఊళ్లలో ఆడవాళ్లందరికీ వచ్చిన పనే. అనుమానం ఉన్న పెట్టను గుడ్డు పెట్టేదాకా విడిగా గంప కింద మూసి, పక్కనే నీళ్లు పెట్టండి. నాలుగైదు రోజులు ఇలా చేసి, ఏ పెట్ట ఎలాంటి గుడ్డు పెట్టిందో గోడ క్యాలెండర్ మీద రాసుకోండి. కాలికి రంగు దారం కడితే పోల్చుకోవడం సులువు.

ఒక్క పెట్టే చెడ్డ గుడ్లు పెడుతుంటే అది ఆ పెట్ట వయసో, దాని ఒంట్లో ఏదో ఇబ్బందో అయి ఉంటుంది. మూడు నాలుగు పెట్టలు ఒకేసారి మొదలుపెడితే నీళ్లు, మేత, ఎండ, రోగం ఈ నాలుగింటిలో ఒకటి. కొత్తగా గుడ్డుకొచ్చిన పెట్ట మొదటి రెండు మూడు వారాలు పిట్టగుడ్డంత చిన్నవి, రెండు సొనలవి, ఒకటో రెండో తోలు గుడ్లు పెట్టినా టెన్షన్ పడొద్దు. దానంతట అదే సర్దుకుంటుంది.

గుడ్డు తయారయ్యే లెక్క తెలుసుకోండి

పచ్చసొన ఎదగడానికి వారం నుంచి పది రోజులు పడుతుంది. అది విడివడి కిందికి దిగాక తెల్లసొన చుట్టుకోవడానికి మూడు గంటలు చాలు. తర్వాత పలచటి పొరలు, చివరగా పెంకు. పెంకు ఒక్కదానికే 20 గంటల దాకా పడుతుంది, అందులో ఎక్కువ భాగం రాత్రిపూట. మొత్తం మీద ఒక గుడ్డుకు 24 నుంచి 26 గంటలు.

అంటే పెంకు చెడితే నిన్న మొన్నటి సంగతులు గుర్తు చేసుకోవాలి. పచ్చసొన రంగు మారితే పది రోజుల మేత గుర్తు చేసుకోవాలి. మేత మార్చిన మర్నాడే పచ్చసొన చూసి పెదవి విరవద్దు. రెండు వారాలు ఆగండి. ఒకేసారి నీళ్లూ మేతా మందూ మూడూ మారిస్తే ఏది పని చేసిందో ఎప్పటికీ తెలియదు.

నీళ్లు

నేను దెబ్బతిన్నది ఇక్కడే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. మన తీరం పొడవునా చాలా ఊళ్లలో బోరు నీళ్లు ఉప్పన. రొయ్యల గుంటలు వచ్చాక మా వైపు ఉప్పదనం ఇంకా పెరిగింది. మనం తాగడానికి క్యాన్ తెచ్చుకుంటాం, కోళ్లకు మాత్రం బోరు నీళ్లు పోస్తాం. కోడి బాగానే తాగుతుంది, బాగానే తిరుగుతుంది, గుడ్ల లెక్క కూడా తగ్గదు. పెంకు ఒక్కటే పలచబడుతుంది.

ఎందుకంటే, పెంకు అంటే కాల్షియం కార్బనేట్. కాల్షియం ఒక సగం అయితే, కోడి రక్తంలో ఉండే బైకార్బనేట్ నుంచి వచ్చే కార్బనేట్ రెండో సగం. తాగే నీళ్లలో ఉప్పు ఎక్కువైతే పెంకు కట్టే చోటికి ఆ రెండోది సరిగ్గా అందదు. అప్పుడు కాల్షియం ఎంత పోసినా ఉపయోగం ఉండదు. నేను నెల రోజులు పోసిన టానిక్ పని చేయకపోవడానికి కారణం ఇదే. మన నాలుకకు పెద్దగా తెలియని ఉప్పు కూడా, లీటరుకు అర గ్రాము, గ్రాము అదనంగా ఉన్నా, కొన్ని పెట్టల్లో పెంకును దెబ్బతీస్తుంది.

మీ ఇంట్లో ఇలా చూడండి. బోరు నీళ్లలో సబ్బు నురగ సరిగ్గా రాకపోయినా, తొట్టి అంచున తెల్లటి పొర కట్టినా అనుమానించండి. నీళ్లలో కరిగిన లవణాలు ఎంతో చూపే టీడీఎస్ మీటరు ఎవరిదగ్గరైనా ఉంటే ఒకసారి పెట్టి చూడండి. రొయ్యల గుంటల వాళ్లు నీళ్లలో ఉప్పు చూసుకునే పరికరాలు వాడుతుంటారు, అడిగితే కాదనరు. అసలు పరీక్ష మాత్రం మూడు వారాలు మంచినీళ్లు పోయడమే. కుళాయి నీళ్లు కావచ్చు, ప్లాంటు నీళ్లు కావచ్చు, పట్టుకున్న వాన నీళ్లు కావచ్చు. పెట్ట రోజుకు పావు లీటరు తాగుతుంది, ఎండల్లో రెట్టింపు. పన్నెండు పెట్టలకు మామూలు రోజుల్లో మూడు లీటర్లు, ఎండాకాలం ఆరు. ఇరవై లీటర్ల క్యాను దగ్గర దగ్గర వారం వస్తుంది. నెల రోజులు కాల్షియం టానిక్ కొనడం కంటే ఇది చవక.

మూడు వారాల్లో తోలు గుడ్లు తగ్గితే కారణం దొరికినట్టే. మా పన్నెండింటిలో పది పెట్టలు బాగుపడ్డాయి. ఉప్పు నీళ్లు చాలాకాలం తాగిన పెట్టల్లో నీళ్లు మార్చినా పెంకు పూర్తిగా కోలుకోకపోవచ్చు. అందుకే ఆలస్యం చేయొద్దంటున్నాను.

ఉప్పు ఇంకో దారిలో కూడా వస్తుంది. ఎండుచేపల పొట్టు, మిగిలిన ఉప్పుచేప కూర, పచ్చడి కడిగిన నీళ్లు కోళ్ల ముందు పారబోయకండి. వేసవిలో షాపుల్లో ఇచ్చే ఎలక్ట్రోలైట్ పొడుల్లోనూ ఉప్పు ఉంటుంది. మీ నీళ్లే ఉప్పనైతే ఆ పొడి కలిపే ముందు పశువైద్యుణ్ణి అడగండి.

మేత, గుల్ల

నీళ్లు మంచివే అయితే తర్వాత చూడాల్సింది కాల్షియం. మన వైపు పెరటి కోడి మేత అంటే తవుడు, నూకలు, ఒడ్లు. ప్రకాశం మెట్ట ఊళ్లలో సజ్జలు, జొన్నలు. వీటిలో కాల్షియం చాలా తక్కువ. తవుడులో భాస్వరం మాత్రం దండిగా ఉంటుంది. పొద్దున తవుడు, సాయంత్రం తవుడు అయితే ఉన్న కాస్త కాల్షియం కూడా ఒంటికి సరిగ్గా పట్టదు.

ఒక గుడ్డు పెంకులో సుమారు రెండు గ్రాముల కాల్షియం ఉంటుంది. నాటు పెట్ట పది పదిహేను గుడ్లు పెట్టి పొదుగుకు కూర్చుంటుంది, ఆ విరామంలో తేరుకుంటుంది. గుడ్ల కోసమే తయారుచేసిన గ్రామప్రియ లాంటి జాతి పెట్టలు అలా ఆగవు, పెడుతూనే ఉంటాయి. మేతలో అందకపోతే తన ఎముకల్లోంచి తీసి మరీ గుడ్డుకు పెంకు కడుతుంది. ముందు పెంకు పలచనవుతుంది, తర్వాత కాళ్లు పడిపోతాయి. పెంకు పలచనైన రోజునే మేలుకుంటే పెట్ట దక్కుతుంది.

మనకు సముద్రం దగ్గర ఉండటం ఇక్కడ కలిసొస్తుంది. ఒడ్డున దొరికే గుల్ల, ఆల్చిప్పలు, పులికాట్ వైపు నుంచి వచ్చే గుల్ల, ఏదైనా సరే. మంచినీళ్లలో రెండు మూడుసార్లు నానబెట్టి నీళ్లు వంచేయండి, ఉప్పు పోవాలి. బాగా ఎండబెట్టి రోట్లో వేసి దంచండి. మెత్తగా పొడి చేయకండి. జొన్నగింజ, కందిబద్ద మధ్య సైజు ఉండాలి. పొడి కడుపులోంచి గబగబా దాటిపోతుంది. పలుకు మాత్రం కందనకాయలో నిలిచి రాత్రంతా కొంచెం కొంచెంగా కరుగుతుంది. పెంకు కట్టేది రాత్రే కదా, అందుకే సాయంత్రం గూట్లోకి పోయే ముందు ఇది అందాలి. సముద్రానికి దూరంగా ఉన్నవాళ్లు కోళ్ల దాణా షాపులో షెల్ గ్రిట్ అని అడగండి.

దీన్ని మేతలో కలపకుండా విడిగా ఒక మూకుడులో పెట్టండి. గుడ్డు పెట్టే పెట్ట తనకు కావలసినంత ఏరుకు తింటుంది. పుంజులు, పిల్లలు దాని జోలికి పెద్దగా రావు. మా పెట్టలు సాయంత్రం నాలుగున్నరకు మూకుడు చుట్టూ చేరి టకటకా ఏరుతాయి. గుడ్డు పెట్టని పెట్ట ఒకసారి ముక్కుతో తట్టి వెళ్లిపోతుంది. అది చూస్తూ కూర్చుంటే ఏ పెట్ట గుడ్డు మీద ఉందో కూడా చెప్పొచ్చు.

ఒక జాగ్రత్త. గుల్ల వేరు, గుల్ల సున్నం వేరు. సున్నం కాల్చినది, నోరు కాలుస్తుంది. తాంబూలం సున్నమైనా, గోడకు వేసే సున్నమైనా మేతలో కలపకండి.

ఇంట్లో వాడిన గుడ్డు పెంకులు కూడా పనికొస్తాయి. పెనం మీద వేయించి, పెంకు అని గుర్తుపట్టలేనంతగా నలపండి. పెద్ద ముక్కలు వేస్తే గుడ్లు పొడుచుకు తినే అలవాటు పడుతుంది, అది మానిపించడం చాలా కష్టం.

లేయర్ దాణా కొనే వాళ్లయితే అందులో 3.5 నుంచి 4 శాతం కాల్షియం ఉంటుంది, గుల్ల అంతగా అక్కర్లేదు. కానీ ఆ దాణా పిల్లలకు వేయొద్దు. గుడ్డుకు రాని వాటికి అంత కాల్షియం మూత్రపిండాలను పాడుచేస్తుంది. కుక్కల భయంతో కోళ్లను పగలంతా గదిలో మూసిపెట్టే వాళ్లు రోజూ కొంతసేపైనా ఎండలోకి వదలండి. డి విటమిన్ లేకపోతే తిన్న కాల్షియం ఒంటికి పట్టదు.

ఎండాకాలం

రోహిణి ఎండలకు రోళ్లు పగులుతాయంటారు. వాటికంటే ముందు గుడ్డు పెంకులు పగులుతాయి. కోడికి చెమట పట్టదు, నోరు తెరిచి రొప్పుతుంది. రొప్పినకొద్దీ రక్తంలోంచి బొగ్గుపులుసు వాయువు బయటికి పోతుంది, దాంతో పెంకుకు కావలసిన బైకార్బనేట్ తగ్గిపోతుంది. పైగా వేడికి మేత కూడా సరిగ్గా తినదు. అందుకే మే నెలలో గుడ్డు చిన్నదవుతుంది, పెంకు పలచనవుతుంది.

మేత తెల్లవారుజామునా, ఎండ తగ్గాకా వేయండి. మధ్యాహ్నం వేస్తే ఒంటి వేడి ఇంకా పెరుగుతుంది. నీళ్లు మట్టి మూకుళ్లలో, వేపచెట్టు నీడలో, రెండు మూడు చోట్ల పెట్టి పగలు మూడుసార్లు మార్చండి. ఎండలో పడి ఉన్న ప్లాస్టిక్ టబ్బులో నీళ్లు కాగిపోయి ఉంటాయి, కోడి ముట్టదు. రేకుల గూడైతే పైన తాటాకో వరిగడ్డో కప్పి తడపండి. రాత్రి గూట్లో గాలి ఆడాలి. కనిగిరి, మార్కాపురం వైపు ఎండ ఇంకా మండుతుంది కాబట్టి అక్కడివాళ్లు గూటికి రెండు వైపులా జాలీ పెట్టించుకుంటే మంచిది.

పెంకు మీద ఇంకా ఏం కనిపిస్తాయంటే

గుడ్డు నడుముకు మొలతాడు కట్టినట్టు గీత ఉంటే, పెంకు కట్టే సమయంలో ఆ పెట్ట బెదిరిందో, ఇరుకులో నలిగిందో అని అర్థం. లోపలే చిట్లి మళ్లీ అతుక్కున్న గుడ్డు అది. ముంగిస, కుక్క, దీపావళి టపాసులు, గుడి దగ్గర మైకు, గూట్లో కోళ్లు ఎక్కువైపోవడం, ఇవే కారణాలు. ఇసుక పలుకుల్లాంటి చుక్కలు ఉంటే ఫర్వాలేదు, తినొచ్చు. పెట్ట ముదిరేకొద్దీ గుడ్డు పెద్దదవుతుంది, పెంకు పలచనవుతుంది. దానికి మందు లేదు.

పగులగొట్టి చూడండి

వారానికి ఒక గుడ్డును చదునైన పళ్లెంలో కొట్టి చూసే అలవాటు చేసుకోండి. తాజా గుడ్డు పచ్చసొన గుండ్రంగా నిలబడుతుంది, తెల్లసొన చిక్కగా దాన్ని పట్టుకుని ఉంటుంది.

పచ్చసొన పాలిపోయి ఉంటే అది మేత రంగే. బియ్యం నూకల్లో, తెల్లజొన్నలో రంగు లేదు. మొక్కజొన్న, మునగాకు, అవిశాకు, తోటకూర, బంతిపూల రేకులు వేస్తే పది పదిహేను రోజుల్లో ముదురు పసుపు వస్తుంది. పాలిపోయిన సొనలో బలం లేదని కొందరు గుడ్లు తిప్పి పంపుతారు. మాంసకృత్తుల్లో తేడా ఉండదు, రంగులోనే తేడా. ఆకుపచ్చగానో బురద రంగులోనో ఉంటే పత్తిగింజల చెక్క మేతలో పడిందేమో చూడండి. పత్తి పండించే ఊళ్లలో ఇది జరుగుతుంటుంది. మానేస్తే పోతుంది.

రక్తపు చుక్క కనిపిస్తే చాలామంది పారేస్తారు, లేదంటే పిల్ల కట్టిందని భయపడతారు. పచ్చసొన విడివడేటప్పుడు సన్నటి రక్తనాళం చిట్లితే ఆ చుక్క పడుతుంది. దానికి పుంజుతో సంబంధం లేదు. చుక్క తీసేసి బాగా ఉడికించి తినొచ్చు. ఎక్కువ గుడ్లలో వస్తుంటే ఆకుకూరలు పెంచండి, పెట్టలను బెదరనీయకండి.

నీచు వాసన మన తీరానికి బాగా తెలిసిన గొడవ. రొయ్య తలకాయలు, చేపల పొట్టలు ఊరికే దొరుకుతాయని రోజూ వేస్తే ఆ వాసన గుడ్డులోకి దిగుతుంది. వారానికి ఒకటి రెండుసార్లు, ఉడికించి, కొంచెమే వేయండి. రొయ్యల గుంటల మేత మాత్రం అసలు వద్దు, అది కోళ్ల కోసం చేసింది కాదు.

తెల్లసొన నీళ్లలా పారితే ముందు గుడ్డు ఎన్నాళ్లదో చూసుకోండి. పాత గుడ్డుకు అది మామూలే. ఆ రోజు పెట్టిన గుడ్డే అలా ఉంటే ముదురు పెట్టో, ఎండో, రోగమో.

మన వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఆ నెలల్లో వేరుశనగ చెక్క, మొక్కజొన్న బూజు పడతాయి. బూజు విషం కాలేయాన్ని తింటుంది, గుడ్లు తగ్గుతాయి. మనుషులు తినలేనిది కోళ్లకు వేద్దామనుకోకండి. పారేయండి.

ఎప్పుడు డాక్టరు దగ్గరికి పోవాలి

గుడ్లు ఉన్నట్టుండి సగానికి పడిపోయి, పెంకు ముడతలు పడి, తెల్లసొన నీళ్లయి, కోళ్లు గురక పెడుతుంటే అది ఇంటి చిట్కాలకు లొంగేది కాదు. గాలిగొట్టాలకు పట్టే వైరస్ జబ్బు కావచ్చు, పచ్చటి పారుడు, మెడ తిరగడం కూడా ఉంటే కొక్కెర తెగులు కావచ్చు. కొక్కెర తెగులు వచ్చాక మందు లేదు. పిల్లప్పుడు మొదటి వారంలో లసోటా టీకా చుక్కలు, ఎనిమిదో వారంలో సూది వేయించడమే దారి. మండల పశువైద్యశాలలో అడగండి, లేదా 1962కు ఫోన్ చేయండి.

తలలు వాచి, తురాయి నీలంగా మారి, కోళ్లు టపటపా చనిపోతుంటే చేత్తో ముట్టుకోకండి, కోయకండి, అమ్మకండి. 2024 ఫిబ్రవరిలో మన జిల్లాలోనే పొదలకూరు మండలం చాటగొట్ల, కోవూరు మండలం గుమ్మళ్లదిబ్బల్లో బర్డ్ ఫ్లూ బయటపడింది. ఆ రోజే పశువైద్యుడికి చెప్పండి.

యాంటీబయాటిక్ కానీ, నులిపురుగుల మందు కానీ వాడితే గుడ్లు ఎన్ని రోజులు తినకూడదో ఇచ్చిన డాక్టరునే అడిగి క్యాలెండర్ మీద రాసుకోండి. ఆ రోజుల గుడ్లు అమ్మకండి, పిల్లలకు పెట్టకండి.

ఏరడం, దాచడం

నాలుగైదు పెట్టలకు ఒక గంప, అడుగున నాలుగు వేళ్ల మందం వరిగడ్డి, కాస్త చీకటి ఉన్న మూల. గుడ్లు పొద్దునా మధ్యాహ్నమూ ఏరండి. మురికి అంటితే పొడిగుడ్డతో తుడవండి. కడిగితే పెంకు మీది సన్నటి పొర పోయి క్రిములకు దారి దొరుకుతుంది. మరీ మురికైనది కడిగి ఆ రోజే వండేయండి.

పుంజు ఉన్న ఇంట్లో గుడ్డును మన వేసవి వేడికి బయట వదిలేస్తే పొదగకుండానే లోపల పిల్ల కట్టడం మొదలవుతుంది, ఆ తర్వాత మురుగుతుంది. ఫ్రిజ్ లేకపోతే వెడల్పాటి కుండను తడి ఇసుకలో సగం దాకా పాతి, లోపల పొడి గడ్డి పరిచి, గుడ్డు మొద్దు కొన పైకి ఉండేలా పేర్చి, తడిగుడ్డ కప్పండి. వారంలోపు వాడేయండి. అనుమానం వస్తే ఫోన్ టార్చి మీద పెట్టి చూడండి. లోపల ఎర్రటి నరాలు కనిపిస్తే పక్కన పెట్టేయండి.

మా పన్నెండింటిలో బాగుపడనివి రెండన్నాను కదా. ఒకటి పొదుగుకు కూర్చుని లేచాక గుడ్డు గట్టిపడింది. ఇంకొకటి నాలుగేళ్ల పెట్ట, ఇప్పటికీ వారానికి రెండు పలచటి గుడ్లు పెడుతుంది. వాటిని పొదుగుకు వేయం, సంతకు పంపం. గంపలోంచి తీసిన పూటే అట్టు వేసేస్తాం.